ఇద్దరి కథకు ఒక్కరి సంతకం చాలా? ఆత్మకథల ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

ప్రముఖుల ఆత్మకథలు అచ్చువేసే ప్రచురణకర్తలకు, వాటిని సవరించే సంపాదకులకు, వెనక ఉండి రాసిపెట్టే రచయితలకు,

నమస్కారం.

గత పదకొండు నెలల్లో మీలో ఒక సంస్థకు నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది మామూలు పోస్టులో, తర్వాతి రెండూ రిజిస్టర్డ్ పోస్టులో, చివరిది ఈమెయిల్‌లో. మొదటి మూడింటికి జవాబే లేదు. నాలుగోదానికి రెండు వాక్యాలు వచ్చాయి. రచయిత జ్ఞాపకాలు రచయితవేనట, వాటిలో వేలు పెట్టడం తమ విధానం కాదట. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను. చెబితే పుస్తకం ఏదో తెలిసిపోతుంది. పుస్తకం తెలిస్తే నేను ఎవరి తరఫున మాట్లాడుతున్నానో ఆ మనిషి మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుంది. పైగా ఇది ఒక్క సంస్థ అలవాటు కాదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను ప్రూఫులు దిద్దుతాను. పందొమ్మిదేళ్లుగా అదే పని. పేరున్నవాళ్ల ఆత్మకథలు ఏడెనిమిది నా చేతుల మీదుగా వెళ్లాయి. ప్రతిదానిలోనూ ప్రేమల అధ్యాయం ఒకటి ఉంటుంది, అది ఎప్పుడూ పుస్తకం మొదటి సగంలోనే ఉంటుంది. నేను అందులో ఒత్తులు చూశాను, దీర్ఘాలు చూశాను, తేదీలు కుదిరాయో లేదో చూశాను. 'అప్పటికే పెళ్లయిన ఆ అమ్మాయి' అన్న చోట ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో, ఇది చదివితే ఏమవుతుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. కాబట్టి ఈ లేఖలో తప్పు పట్టేవాళ్ల జాబితాలో నేనూ ఉన్నాను.

అలా అనుకోవాల్సిన రోజు మా ఇంట్లోకే వచ్చింది.

ఇవాళ అందరికీ తెలిసిన ఒకాయన, ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, చదువుకునే వయసులో, మా అక్కా ప్రేమించుకున్నారు. రెండేళ్లు. తర్వాత విడిపోయారు. అక్క టీచరయింది, పెళ్లి చేసుకుంది. బావగారికి ఈ సంగతి పెళ్లికి ముందే చెప్పింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. దాచాలనేమీ లేదు, ఎత్తాల్సిన పని పడలేదంతే.

ఆయన ఆత్మకథలో అది మూడున్నర పేజీలు. పేరు మార్చారు. ఏ సబ్జెక్టు చదివిందో, మా నాన్న ఏ ఉద్యోగం చేశారో, ఎడమచేత్తో రాస్తుందన్న సంగతి, ఇప్పుడు లెక్కలు చెబుతోందన్న సంగతి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. ఒక రాత్రి గురించి ఒక పేరా ఉంది. దాన్ని నేను ఇక్కడ ఎత్తి రాయను. చివర్లో ఆయన ఊరు వదిలి వెళ్తుంటే ఆమె స్టేషన్‌లో ఏడ్చిందని, ఆగిపొమ్మని బతిమాలిందని రాశారు. అక్క ఆ పేజీ రెండుసార్లు చదివింది. "వద్దన్నది నేను. ఆ రోజు నేను స్టేషన్‌కు వెళ్లనే లేదు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

పుస్తకం వచ్చిన మూడో వారంలో అక్క క్లాసుకు వెళ్లేసరికి నల్లబల్ల మీద ఎవరో ఆ మారుపేరు రాసిపెట్టారు. పదో తరగతి పిల్లలు. అక్క డస్టరుతో తుడిచి చాక్‌పీసు అందుకుంది, అలవాటు ప్రకారం ఎడమచేత్తో. వెనక బెంచీల్లో నవ్వు వినబడింది. ఇంటికొచ్చాక నాతో, "కుడిచేతిలోకి మార్చుకుందామా అని ఒక్క క్షణం అనిపించిందే" అంది. యాభై మూడేళ్ల మనిషి.

ఇంతవరకు చదివినవాళ్లు పరువునష్టం దావా వేయవచ్చు కదా అనుకుంటూ ఉంటారు. ఆ సంగతి కాస్త ముందుకెళ్లాక చెబుతాను.

ఈ వ్యాపారం మీరు కనిపెట్టిందేమీ కాదని నాకు తెలుసు. 1825లో లండన్‌లో హ్యారియెట్ విల్సన్ అనే ఆమె తన జ్ఞాపకాలు భాగాలు భాగాలుగా అచ్చువేయించింది. ఒకప్పుడు తనతో సంబంధం ఉన్న పెద్దమనుషులకు ముందుగానే ఉత్తరాలు వెళ్లాయి. 200 పౌండ్లు కడితే పుస్తకంలో మీ పేరు ఉండదు, లేకపోతే ఉంటుంది. చాలామంది కట్టారు. డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ మాత్రం అచ్చేసుకోండి పొమ్మన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది బెదిరింపు వసూలు, అందులో మెచ్చుకునేదేమీ లేదు. కానీ ఒక్క విషయంలో ఆవిడ మనకంటే నయమని నవ్వుకుంటూ ఉంటాను. అచ్చుకు వెళ్లేముందు అవతలివాళ్లకు ఉత్తరం రాసింది. ఇప్పుడు అదీ లేదు. పైగా ఆమె ఉత్తరాలు అందుకున్నవాళ్లు ప్రభువులు, సేనాధిపతులు. ఎదురు నిలబడే శక్తి, కట్టగలిగే డబ్బు రెండూ ఉన్నవాళ్లు. ఇప్పుడు పేజీల్లోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లు కారు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగిన పని కూడా గుర్తుంది. ఆంగ్ల కవి బైరన్ చనిపోయాక 1824 మే నెలలో ఆయన స్నేహితులు, ప్రచురణకర్త కలిసి ఆయన స్వీయకథ రాతప్రతిని ప్రచురణకర్త ఇంట్లోనే పొయ్యిలో వేసి తగలబెట్టారు. కాగితాలు కాల్చమని నేను అడగడం లేదు. రాతప్రతి ప్రెస్సుకు వెళ్లేముందు ఒక ఉత్తరం రాయమంటున్నాను. ఎందుకో వరసగా చెబుతాను.

1. పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగిపోదు. అసలు పేరే పెట్టకపోయినా దాగదు. 2023 జనవరిలో వచ్చిన ప్రిన్స్ హ్యారీ ఆత్మకథ బ్రిటన్, అమెరికా, కెనడాల్లో మొదటి రోజే 14 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అందులో తన తొలి శారీరక అనుభవం గురించి నాలుగు మాటలున్నాయి. ఆమె పేరు లేదు. వయసులో తనకంటే పెద్దదని, ఒక పబ్బు వెనక పొలంలో అని మాత్రం ఉంది. అది చాలింది. ఆ స్త్రీ ఎవరన్న వేట మొదలైంది. నెల తిరగకుండానే, పేరు ప్రఖ్యాతులతో పనిలేకుండా బతుకుతున్న ఒక స్త్రీ పత్రికల ముందుకొచ్చి అది నేనే అని చెప్పింది. చుట్టూ ఉచ్చు బిగుస్తున్నట్టుంటే ఎవరో బయటపెట్టే లోపు తానే చెప్పేయడం మేలని అలా చేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఆమె ఆ సంగతి ఎవరికీ అమ్ముకోలేదన్నది గమనించండి.

మీ కాంట్రాక్టులు నేను చూశాను. ఈ పుస్తకంలో ఎవరి పరువుకూ భంగం లేదని, ఎవరి ఏకాంతానికీ చేటు లేదని రచయిత చేత రాయించుకునే షరతు ఒకటి దాదాపు ప్రతిదానిలో ఉంటుంది. కేసు వస్తే ఖర్చు రచయితే భరించాలి. ఆ షరతు మిమ్మల్ని కాపాడుతుంది. పెద్ద పేర్ల పుస్తకమైతే అచ్చుకు ముందు వకీలు కూడా చదువుతాడు. ఆయన చూసేది కేసు వస్తుందా రాదా అని. ఆ పేజీలో ఉన్న మనిషి బతుకు ఏమవుతుందని చూసేవాళ్లు ఆ గొలుసులో ఎవరూ లేరు. ప్రూఫులు దిద్దే నాతో సహా.

2. నోరు రెండు వైపులా సమానం కాదు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మా అక్క దగ్గర ఆయన రాసిన ఉత్తరాలు ఉన్నాయి. పదిహేడు. ఆ ఉత్తరాల్లో ఎవరు ఎవరిని బతిమాలారో తేదీలతో సహా ఉంది. వాటిని అచ్చు వేస్తే ఏమవుతుందని ఒక వకీలును అడిగాం. కాగితం మీది, మాటలు ఆయనవి అన్నారు. చాలా దేశాల్లో కాపీరైట్ చట్టం చెప్పేది ఇదే. ఉత్తరం అందుకున్నవాళ్లకు కాగితం మీద హక్కు ఉంటుంది, అందులోని రాతను ప్రచురించే హక్కు రాసినవాళ్లకే ఉంటుంది. 1987లో అమెరికా అప్పీలు కోర్టు నవలా రచయిత జె.డి. సాలింజర్ అచ్చుకాని ఉత్తరాలను ఆయన జీవితకథ రాస్తున్న రచయిత వాడుకోకుండా ఆపింది ఈ సూత్రం మీదే. 1972లో సాలింజర్‌కు 53 ఏళ్లప్పుడు ఆయనతో కలిసి ఉన్న 18 ఏళ్ల అమ్మాయి, ఆయన తనకు రాసిన ఉత్తరాలను 1999లో వేలం వేసినప్పుడు 1,56,500 డాలర్లు పలికాయి. కొన్నాయన వాటిని సాలింజర్‌కే తిరిగి ఇచ్చేస్తానన్నాడు. అంత డబ్బు పోసి కొన్నా ఆయనకు దక్కింది కాగితమే, అచ్చువేసే హక్కు కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆయన తన చేత్తో రాసిన మాటను అక్క అచ్చువేయకూడదు. అక్క ఆయన చెవిలో చెప్పిన మాటను, చెప్పని మాటను కూడా, ఆయన జ్ఞాపకం పేరుతో అచ్చు వేసుకోవచ్చు. సాక్ష్యం ఉన్నవాళ్ల నోరు కట్టేసి, జ్ఞాపకం ఉన్నవాళ్లకు మైకు ఇచ్చినట్టుంది. చట్టాన్ని మార్చమని మిమ్మల్ని అడగలేను. ఈ ఎగుడుదిగుడు తెలిసి కూడా మీరు ఒకవైపే వినడం గురించి అడుగుతున్నాను.

ఎదుటివాళ్లకూ నోరుంటే కథ వేరుగా నడుస్తుంది. 2017 అక్టోబరులో నటుడు నవాజుద్దీన్ సిద్దిఖీ ఆత్మకథ విషయంలో చూశాం. అందులో ప్రస్తావనకు వచ్చిన ఇద్దరు స్త్రీలు అదే రంగంలో ఉన్నవాళ్లు. బహిరంగంగా అభ్యంతరం చెప్పారు, పత్రికలు విన్నాయి. కొద్దిరోజుల్లోనే ఆయన క్షమాపణ చెప్పి పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడ సంపాదకుల బల్ల మీద జరగాల్సిన పని బజార్లో జరిగింది. వాళ్లు నటులు కాకుండా ఏ ఆఫీసులోనో పనిచేసేవాళ్లయితే ఎవరు వినేవారు?

3. ఇద్దరి జ్ఞాపకాలు ఒకటి కావు. వైజయంతిమాల 2007లో తన ఆత్మకథలో, రాజ్ కపూర్‌తో తనకు ప్రేమ ఉందన్నది ప్రచారం కోసం పుట్టించిన మాటేనని రాశారు. 2017లో రిషి కపూర్ తన ఆత్మకథలో, కాదు, అది నిజమేనని రాశారు. ఎవరి మాట నిజమో తేల్చే పని నాది కాదు, తేల్చాల్సిన అవసరమూ లేదు. ఆమెకు తన పుస్తకం ఉంది కాబట్టి పాఠకుడి దగ్గర ఇప్పుడు రెండు మాటలున్నాయి. మా అక్కకు పుస్తకం లేదు. స్టేషన్‌లో ఏడ్చినట్టే ఉండిపోతుంది.

4. కోర్టు. 1994లో సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. మనిషికి తన కుటుంబం, పెళ్లి, సంతానం వంటి విషయాల్లో ఏకాంతాన్ని కాపాడుకునే హక్కు ఉంది. నిజమైనా అబద్ధమైనా, పొగడ్తయినా తెగడ్తయినా, అనుమతి లేకుండా ఎవరూ వాటి గురించి ప్రచురించకూడదు. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నవాటికి, తనంతట తాను వివాదంలోకి దిగినవాళ్లకు మాత్రం మినహాయింపు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. క్రిమినల్ పరువునష్టం చట్టంలో కూడా నిజం అయితే చాలదు, దాన్ని ప్రచురించడం ప్రజల మేలుకు అవసరమై ఉండాలి. చదివితే ధైర్యం వస్తుంది.

ఆ తర్వాత వకీలు అసలు సంగతి చెబుతాడు. అచ్చుకు ముందు ఆపడానికి కోర్టులు సాధారణంగా ఇష్టపడవు. ఖుష్వంత్ సింగ్ ఆత్మకథ మీద మేనకా గాంధీ తెచ్చుకున్న స్టేను ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2001లో ఎత్తేసింది, పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. నష్టం జరిగితే పరిహారం అడగవచ్చన్నదే కోర్టు చూపించిన దారి. భావప్రకటన వైపు నుంచి చూస్తే అది సరైన తీర్పేనని నేనూ అనుకుంటాను. అయితే పరిహారం అడగాలంటే మా అక్క ముందు చేయాల్సిన పని ఏమిటి? ఆ మారుపేరు నాదేనని, ఆ పేరాలో ఉన్నది నేనేనని కోర్టు కాగితాల మీద రాసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా తెలిసినవాళ్లకే తెలిసిన సంగతి మర్నాటికి పేపర్లో వస్తుంది. పుస్తకం ఇంకో ముద్రణకు వెళ్తుంది. కేసు వేయడమే పుస్తకానికి ప్రచారం అవుతుంటే, వేయని మనిషి ఒప్పుకున్నట్టు లెక్క కట్టకండి.

5. పిల్లలు. గాయకుడు ఎడ్డీ ఫిషర్ 1999లో తన ప్రేమలన్నీ ఏకరువు పెడుతూ ఆత్మకథ రాసినప్పుడు కూతురు క్యారీ ఫిషర్ తన డీఎన్ఏకే పొగ పెట్టించి శుద్ధి చేయించుకోవాలని ఉందని అంది. అలా నవ్వేసి తప్పుకోగలిగిన తెలివి, వేదిక ఆమెకు ఉన్నాయి. మా అక్క కూతురికి ఇరవై రెండేళ్లు. ఫోన్లో ఆ పేజీ ఫొటో ఎవరో పంపారు. వాళ్లమ్మకు చూపించలేదు. నాకు చూపించింది.

6. మీ ప్రచారం పద్ధతి. అక్క గురించి రాసిన ఆ పుస్తకం మూడు వందల అరవై పేజీలు. అందులో ఆయన పడ్డ కష్టాలున్నాయి, పని నేర్చుకున్న తీరు ఉంది, నిజంగా మంచి అధ్యాయాలు రెండు ఉన్నాయి, నేను చదివి మెచ్చుకున్నవి. విడుదలకు ముందు పత్రికలకు ఇచ్చింది ఏ పేజీలు? ఆ మూడున్నర. తర్వాత ఆ మూడున్నర పేజీల మీద యూట్యూబ్ వీడియోలు, ఆ వీడియోల థంబ్‌నెయిళ్ల మీద ఎవరో తెలియని అమ్మాయి ఫొటోకు ఎర్ర గుండ్రం. ఒకప్పుడు పుస్తకం ముద్రణ ఆగిపోతే మాటా మరుగున పడేది. ఇప్పుడు పుస్తకం వెనక్కి తీసుకున్నా ఆ పేజీ ఫొటో తిరుగుతూనే ఉంటుంది. 2014లో ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు ఓలాండ్ మాజీ సహచరి రాసిన పుస్తకం 2 లక్షల మొదటి ముద్రణ రోజుల్లోనే అయిపోతున్నప్పుడు, కొన్ని పుస్తకాల షాపుల వాళ్లు ఇది మా దగ్గర దొరకదని తలుపు మీద బోర్డు పెట్టారు. అక్కడ ఇద్దరూ పేరున్నవాళ్లే, దేశాధ్యక్షుడి నడవడి గురించి మాట్లాడే హక్కు జనానికి కొంత ఉంది కూడా. ఆ షాపుల వాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. కానీ అమ్ముడుపోయే సరుకును ఇది మా పని కాదు అని పక్కన పెట్టినవాళ్లు ఈ వ్యాపారంలో ఉన్నారన్నది మీకు గుర్తు చేయాలనిపించింది.

ఇక మీరు అనబోయే మాట నాకు తెలుసు. ఇలా అనుమతులు అడుగుతూ పోతే నిజం రాసేదెవరు? దెబ్బ తిన్నవాళ్లు దెబ్బ కొట్టినవాళ్ల అనుమతి తీసుకుని రాయాలా?

అక్కర్లేదు. ఈ లేఖలో అన్నిటికంటే ఇది ముఖ్యం కాబట్టి నింపాదిగా చెబుతాను.

ఫ్రాన్స్‌లో గాబ్రియేల్ మాట్జ్‌నెఫ్ అనే రచయిత మైనర్లతో తన సంబంధాల గురించి డైరీలుగా, నవలలుగా దశాబ్దాలపాటు అచ్చువేసుకున్నాడు. 1980లలో 14 ఏళ్ల వెనెస్సా స్ప్రింగోరాను ఆయన తన వలలో వేసుకున్నాడు. ఆయనకు అప్పుడు యాభై. ఆమెనూ పుస్తకాల్లో పాత్రను చేశాడు. పేరున్న ప్రచురణ సంస్థలు వేశాయి, 2013లో ఒక పెద్ద బహుమతి కూడా వచ్చింది. 2020 జనవరిలో స్ప్రింగోరా తన కథ తాను రాసింది. కొద్దిరోజుల్లోనే గాలిమార్ సంస్థ ఆయన డైరీల అమ్మకం ఆపేసింది, పోలీసు విచారణ మొదలైంది. మరుసటి ఏడాది 15 ఏళ్లలోపు పిల్లలతో పెద్దవాళ్ల లైంగిక సంబంధాన్ని అత్యాచారంగా చూసే చట్టం వచ్చింది. ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఇక్కడ రెండు పుస్తకాలూ ఒకే సంబంధం గురించినవే. ఒకటి బలమున్నవాడు బలం లేనివాళ్లను వాడుకుని రాసింది. ఇంకొకటి ఆ వాడకం గురించి రాసింది. ఈ రెంటికీ తేడా తెలియదని ఏ సంపాదకుడైనా అంటే నేను నమ్మను.

కష్టమైన సందర్భాలూ ఉంటాయి. గాయని బ్రిట్నీ స్పియర్స్ 2023లో తాను అబార్షన్ చేయించుకోవడం గురించి రాసినప్పుడు అప్పటి ప్రియుడి పేరు చెప్పకుండా ఆ కథ చెప్పడం కుదరదు. అతనికి ఇబ్బందే. అయినా ఆ శరీరం ఆమెది, అతనికి జవాబు చెప్పే నోరూ ఉంది. అలాంటి చోట రాసేవాళ్ల వైపే నేను నిలబడతాను. తన గాయం చెప్పుకోవడానికి ఇంకొకరి పేరు తగిలితే తగలనివ్వండి. తన గొప్ప చెప్పుకోవడానికి ఇంకొకరి పడకగది తలుపు తీయడం గురించే నా గొడవంతా. మా అక్క మీది మూడున్నర పేజీల్లో ఆయన గాయమేదీ లేదు. తనను అమ్మాయిలు ఎంతగా ఇష్టపడేవారో చెప్పడానికి ఆరుగురి గురించి రాస్తే, అందులో అక్క మూడోది.

కాబట్టి నేను అడిగేవి ఇవి.

1. ఆత్మకథలో ప్రేమ, దాంపత్యం, శారీరక సంబంధం గురించి రాసిన చోట అవతలి మనిషి బతికే ఉండి, పేరున్న వ్యక్తి కాకుండా ఉండి, తెలిసినవాళ్లు గుర్తుపట్టే అవకాశం ఉంటే, అచ్చుకు కనీసం ముప్పై రోజుల ముందు ఆ పేజీలు ఆ మనిషికి పంపండి. మొత్తం పుస్తకం అక్కర్లేదు. హింస, మోసం, నేరం గురించి రాసిన పేజీలకు ఈ నియమం వర్తించదు, వర్తింపజేయకండి కూడా.

2. ఆ మనిషి వద్దంటే కనీసం గుర్తుపట్టే ఆనవాళ్లన్నీ మార్చండి. పేరు ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవద్దు. చదువు, వృత్తి, తల్లిదండ్రుల వివరం, శరీరం మీది గుర్తులు, అలవాట్లు. ఈ పని చేయడానికి ప్రూఫ్ రీడర్‌కు ఒక పూట పడుతుంది. కావాలంటే ఊరికే చేసిపెడతాను.

3. తప్పు రాశారని ఎవరైనా చెబితే తర్వాతి ముద్రణలో వాళ్ల మాటకు అరపేజీ ఇవ్వండి. ఈబుక్‌లో దిద్దడానికి ముద్రణ దాకా ఆగక్కర్లేదు.

4. మూడో మనిషి ఏకాంతం ఉన్న పేజీలను పత్రికలకు, వీడియోలకు ముందుగా వదలకండి. రచయిత సొంత కథలో అమ్ముడుపోయేది ఏమీ లేదని మీకే అనిపిస్తే ఆ పుస్తకం వేయడం గురించే ఆలోచించుకోవాలి.

5. ప్రచురణ వివరాలుండే పేజీలో ఫిర్యాదులకు ఒక చిరునామా, ఒక బాధ్యుడి హోదా అచ్చు వేయండి. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి. కాదన్నా సరే, కారణం చెప్పండి.

6. వెనక ఉండి రాసిపెట్టే మిత్రులకు ప్రత్యేకంగా. గంటల తరబడి ఎదురుగా కూర్చుని రికార్డు చేసుకునేది మీరే. ప్రముఖుడు హుషారుగా పాత ప్రేమ గురించి చెబుతున్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఆవిడకు ఇది చెప్పారా?" మౌనమే జవాబైతే దాన్ని సంపాదకుడికి రాసి పంపండి.

ప్రముఖులకు విడిగా ఏమీ రాయడం లేదు. మీ పుస్తకంలో ఎవరెవరి గురించి రాశారో వాళ్ల ఫోన్ నంబర్లు కనుక్కోవడం మీకు కష్టమేమీ కాదు.

మా అక్క విషయంలో అడిగేది ఇంకా చిన్నది. తర్వాతి ముద్రణ పనులు నడుస్తున్నాయని విన్నాను. ఆ రాత్రి గురించిన పేరా తీసేయండి. మా నాన్న ఉద్యోగం, ఎడమచేతి మాట, లెక్కల టీచరన్న మాట తీసేయండి. ఈబుక్‌లో ఈ మార్పులు ఈ నెలాఖరులోగా చేయండి. స్టేషన్ వాక్యం సంగతి అక్కను అడిగాను. "అది ఉండనీ, ఆయనకు అలా గుర్తుంటే నేనేం చేస్తాను" అంది. కాబట్టి దాని గురించి నేనేమీ అడగడం లేదు.

నాలుగు ఉత్తరాల నకళ్లు, రెండు పోస్టు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ సంస్థకు రాశానో ఆ సంస్థకు తెలుసు. నా చిరునామా ఆ నాలుగింటి మీదా ఉంది, మారలేదు.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్